సీటు బెల్టు మీది చార

"మళ్ళీ కూర్చుండిపోయిందండి."

దానమ్మ గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పేసరికి దేవసహాయం పప్పన్నం కలుపుకుంటున్నాడు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏ పక్క?"

"ఎడం పక్క. ముందు చక్రం సగం లోపలికి పోయింది."

ఆయన కంచం జరిపి లేచాడు. తినేసి వెళ్ళండి అందామని దానమ్మకి నోటిదాకా వచ్చింది గాని అనలేదు. ఆ ఇంట్లో మూడు రోజులుగా ఎవరికీ ముద్ద సరిగ్గా దిగడం లేదు.

తంగెళ్ళమూడిలో వాళ్ళ సందు అసలే ఇరుకు. అందులో సగం ఆక్రమించి నల్లగా నిగనిగలాడుతోంది ఆ జర్మనీ కారు. పక్షవాతం వచ్చిన మనిషి మూతి ఒకవైపు జారిపోయినట్టు ఎడం పక్కకి ఒరిగి ఉంది. ఇంటికొచ్చి ఇరవై రెండు రోజులు. ఇలా కావడం ఇది మూడోసారి. పోయిన మంగళవారమైతే భీమడోలు దగ్గర హైవే మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. వెనకాల లారీ. ఆ లారీ డ్రైవరు ఏ తల్లి కన్నబిడ్డో గాని ఆఖరి క్షణంలో పక్కకి తిప్పాడు. ఈ సంగతి కొడుకు ఏసుకుమార్ ఇంట్లో చెప్పలేదు. మెకానిక్కుతో ఫోనులో అంటుంటే తల్లి చెవిన పడింది. అప్పటినించీ దానమ్మకి కళ్ళు మూస్తే లారీయే.

రేపు పొద్దున్న పదింటికి కైకలూరు చర్చిలో పెళ్ళి. పెళ్ళికూతురు హెప్సిబా ఈ కారులోనే వెళ్ళాలి. కొడుకు సొంత బండికి అదే మొదటి బేరం.

మెకానిక్కు సాయికృష్ణ అప్పటికే కారు కింద దూరి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. రెండు సందుల అవతల షెడ్డు. ఏలూరు మొత్తం మీద పెద్ద బళ్ళ కంప్యూటరు చదవగలిగినవాళ్ళు ముగ్గురేనని, ఆ ముగ్గురిలో తనొకణ్ణని చెప్పుకుంటాడు.

"ఏమంటోంది సాయీ?" అన్నాడు దేవసహాయం, మంచం పట్టినవాళ్ళ గురించి డాక్టర్ని అడిగినట్టు.

"గాలి నిలబడట్లేదండి మాస్టారూ." దేవసహాయం ఎయిడెడ్ స్కూల్లో రికార్డు అసిస్టెంటుగా రిటైరయ్యాడు గాని పేటలో అందరికీ మాస్టారే. "మామూలు బళ్ళకి స్ప్రింగులుంటాయి. దీనికి వాటి బదులు గాలి తిత్తులండి. కంప్రెసరు గాలి కొడితే బండి లేస్తుంది. అది కొడుతోంది, ఆగుతోంది, కొడుతోంది, ఆగుతోంది. దాని తప్పు కూడా కాదనిపిస్తోంది. దానికి ఆర్డరిచ్చే పెట్టె ఒకటుంది, సీటు కింద. సాకెట్టు విప్పితే పచ్చగా చిలుము పట్టి ఉంది."

"చిలుమేంటి బాబూ, కొత్తగా మెరుస్తోంటే?" అంది దానమ్మ గుమ్మంలోంచి.

"తడి తగిలినట్టుందండి అమ్మగారూ."

"వాటర్ సర్వీసింగులో నీళ్ళు పడుంటాయి అన్నా" అన్నాడు ఏసుకుమార్ గబుక్కున. "పాత ఓనరు డ్రైవర్లంతే. తలుపులు తీసుంచి పైపు పెట్టేస్తారు."

సాయికృష్ణ అతనివంక ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఆ చూపు దానమ్మ కళ్ళబడింది. ఏమీ అర్థంకాక కొంగు చివర వేలికి చుట్టుకుంది.

దేవసహాయం ఫోను తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, విజయవాడ సర్వీసు సెంటరువాళ్ళు పంపిన ఎస్టిమేటు మళ్ళీ చదివాడు. పొద్దుటినించీ అది ఆరోసారి.

"నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. కింద ఇంకో ముక్క రాశారు. విప్పిన తరువాత కనబడే లోపాలకు వేరుగా, అట. అంటే ఏంటి సాయీ?"

"అంటే అంతేనండి. విప్పుతారు. ఇంకోటి కనబడుద్ది."

"పదకొండున్నర లక్షలకి కొన్న బండికి అయిదు లక్షల రిపేరా?"

"కొత్తదైతే డెబ్భై నాన్నా" అన్నాడు ఏసుకుమార్. "మనకి పదకొండున్నరకి వచ్చింది గాని, దాని సామాను డెబ్భై లక్షల బండి సామానే. పాతది కదా పాపం అని ఎవడూ సగం ధరకివ్వడు."

"కొనకముందు చెప్పాల్సిన ముక్క అది."

"కొనకముందు మీరడగలేదు."

"చిన్న బండి కొనుక్కోరా అన్నాను. నలుగురు ఎక్కి దిగేది."

"చిన్న బళ్ళు పదేళ్ళు నడిపాను నాన్నా. ఒకళ్ళకి తలుపు తీసి, ఇంకొకళ్ళకి డిక్కీ తీసి. పదేళ్ళకీ నాకు మిగిలింది నడుం నొప్పి. పెళ్ళికూతురెక్కే బండికి ఒక్క పూటకి పద్దెనిమిది వేలిస్తారు. ఆ లెక్క వేసింది మీరే. రిటైర్మెంటు డబ్బు తీసి పెడతానన్నదీ మీరే."

"నేనే. కాదన్నానా? మీ మావయ్య మాట మీద పెట్టాను."



ఆ మావయ్య దానమ్మ తమ్ముడు రాజరత్నం. తాడేపల్లిగూడెంలో పాత కార్లు కొని అమ్ముతాడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, ఈవిడకి పదకొండు. ఏడో తరగతిలో బడి మానేసి చంకనేసుకుని పెంచింది. అందుకే భర్త 'మీ మావయ్య' అన్నప్పుడల్లా ఆ మాట కొడుకుని దాటొచ్చి ఆవిడకే తగులుతుంది.

"బండి కొన్నవేళ నేనొచ్చి స్కానరు పెట్టి చూస్తానన్నానండి మాస్టారూ" అన్నాడు సాయికృష్ణ మెల్లిగా. "మీరే ఒద్దన్నారు."

"అప్పటికే ప్రార్థన అయిపోయింది కదయ్యా. బాగోదు."

సాయికృష్ణ తలూపాడు గాని అతనికది అర్థమయ్యే సంగతి కాదు. దానమ్మ వాళ్ళ కుటుంబాల్లో అదొక పద్ధతి. ఇంటిస్థలమైనా, గేదైనా, ఆఖరికి కుట్టుమిషనైనా, బేరం కుదిరాక అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ నిలబడి ప్రార్థన చేసుకుంటారు. ఆమేన్ అన్నాక ఇక ధర గురించి మాట్లాడరు, వస్తువులో వంక వెతకరు. వెతికితే దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టి అనుమానించినట్టు. దానమ్మ తాత గుడివాకలంకలో ఒంటికన్ను గేదెని అలాగే కొన్నాడు. ఇంటికొచ్చాక సంగతి తెలిసింది. అది చచ్చేదాకా మేపాడు గాని అమ్మినవాణ్ణి ఒక్క మాట అడగలేదు.

ఆవేళ గూడెంలో రాజరత్నం బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "బయటికి కనబడేవీ నీకు తెలుసు, కనబడనివీ నీకు తెలుసు తండ్రీ" అని, గొంతు పూడుకుపోయి కాసేపు ఆగిపోయాడు. దానమ్మకి కళ్ళు చెమర్చాయి. తమ్ముడు భక్తిలో ఎంత ఎదిగాడో అనుకుంది. దేవసహాయం గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఆ ఆమేన్‌కి ఇరవై రెండు రోజులు.

"ఏవండీ" అంది దానమ్మ. "రేపటికి ఇంకెవరిదైనా బండి మాట్లాడండి. పెళ్ళికూతురి తల్లి సుందరమ్మ వదినకి నేను చెబుతాను. నాకెందుకో మనసు మనసులో లేదు."

 ఏసుకుమార్ ఆకాశంవంక చూశాడు. దేవసహాయం ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నీ మనసు ఎప్పుడు మనసులో ఉంది గనక" అన్నాడాయన, విసుగు లేకుండానే.

ఆ మాటా నిజమే. కూతురు దీవెన నర్సింగు చదువుకి వెళ్ళిన రోజున రైలు గంట లేటైతే, స్టేషనుకి పోయి మైకులో అనౌన్సు చేసేవాణ్ణి పట్టుకుని ఏడ్చిన మనిషి దానమ్మ. ఎవరైనా రెండుసార్లు దగ్గితే ఎక్స్‌రే అంటుంది. ఒకసారి గ్యాసు లీకవుతోందని ఇంటిల్లిపాదినీ, పక్కింటివాళ్ళనీ సందులోకి తెచ్చి నిలబెట్టింది. తీరా చూస్తే అది పక్కింటివాళ్ళు ఉడకబెట్టిన ముల్లంగి. ఆవిడ భయం ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడులాంటిది. తిరుగుతూనే ఉంటుంది, ఎవరికీ వినబడదు.

మూడు గంటలు కావస్తుండగా సాయికృష్ణ చిలుమంతా గీకి, ఏదో స్ప్రే కొట్టి, వైర్లు బిగించి, ల్యాప్‌టాప్‌లో మీటలు నొక్కాడు. కారు ఒక్క నిట్టూర్పు విడిచి, మోకాళ్ళ మీద చేతులానించుకుని లేచే ముసలమ్మలా మెల్లిగా పైకి లేచింది.

"లేచింది నాన్నా" అన్నాడు ఏసుకుమార్. ఆ ఒక్క క్షణం వాడి మొహం పదేళ్ళ పిల్లాడి మొహంలా ఉంది.

"రేపటికి నిలబడుద్దా బాబూ?" అంది దానమ్మ.

"నిలబడొచ్చండి."

"ఒచ్చు అంటే?"

"ఒచ్చు అంటే ఒచ్చేనమ్మగారూ. అంతకుమించి నేను చెబితే అబద్ధం అవుద్ది." సాయికృష్ణ సామాను సర్దుకుంటూ ఇంకో మాటన్నాడు. "బెలూన్ల లైటు కూడా వెలుగుతోంది కుమార్. దేన్నయినా గుద్దితే అవి తెరుచుకుంటాయని నమ్మకం పెట్టుకోకు."

"గుద్దం కదన్నా" అన్నాడు ఏసుకుమార్ నవ్వుతూ. "కొల్లేరు రోడ్డు మీద ఒక రౌండు కొట్టొస్తాను నాన్నా. రేపు పోయే దారే కదా."

"నేనూ వస్తాను" అంది దానమ్మ.

"నువ్వెందుకమ్మా?"

"వస్తానన్నాను కదా."

*

ముందు సీట్లో కూర్చోవడం ఆవిడకిదే మొదలు. గూడెం నించి వచ్చిన రోజున వెనకాల కూర్చుని, దారిపొడుగునా ముందు సీటు పట్టుకుని వచ్చింది.

పొద్దున్న కురిసిన వాన చెమ్మ ఇంకా వదల్లేదు. అద్దాలు మూసి, ఏసీ వేశాడు ఏసుకుమార్. అద్దానికి వేలాడదీసిన సెంటు బిళ్ళ మల్లెపువ్వు వాసన కొడుతోంది.

"బెల్టు పెట్టుకో అమ్మా."

దానమ్మకి దేనిమీదా ఊరికే నమ్మకం కుదరదు. ఆటో ఎక్కేముందు కూడా కడ్డీ పట్టుకుని ఊపి చూస్తుంది. బెల్టు పట్టుకుని లాగింది. ఇంకా లాగింది. అది లోపల గట్టిగా కట్టి ఉందో లేదో చూడాలి కదా.

"అంత లాగక్కర్లేదే" అని నవ్వాడు కొడుకు, గేరు మారుస్తూ.

రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాయి. దానమ్మ బెల్టు ఆఖరిదాకా లాగింది.

పైభాగమంతా కొత్తదానిలా నల్లగా ఉంది. లోపలి చుట్టలోంచి చివరి మూర బయటికొచ్చేసరికి రంగు మారింది. అడ్డంగా ఒక చార. చారకి అటు నలుపు, ఇటు బూడిద రంగు. దానమ్మ గోటితో గీకింది. గోటి కింద మెత్తటి పొడి చేరింది.

ఆవిడ ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

మల్లెపువ్వు వాసన కింద, ఏసీ గాలి కింద, ఎక్కడో అడుగున ఉన్న వాసన అది. చిన్నప్పుడు గుడివాకలంకలో కొల్లేరు పొంగి ఇంట్లోకొచ్చినప్పుడు కిటికీ దాకా నీళ్ళున్నాయి. అయిదో రోజున తీశాయి. అమ్మ ట్రంకుపెట్టెలోని బట్టలన్నీ కుంకుడుకాయతో ఉతికి మూడు రోజులు గట్టు మీద ఆరేసింది. అయినా పెళ్ళిచీర మడతలో ఇలాంటి చారే నిలిచిపోయింది. నీళ్ళు ఎంతదాకా నిలబడ్డాయో అంతదాకా గీత. తరువాత ఎన్నేళ్ళయినా వానపడిన రోజున పెట్టె తెరిస్తే ఇదే వాసన. ఒండ్రు ఉతికితే పోయేది కాదు. మడతల్లోకి పోయి కూర్చుంటుంది.

ఆవిడ బెల్టుని మెల్లిగా లోపలికి పోనిచ్చి, పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏంటమ్మా, మాట్లాడట్లేదు? ఎదురుగా టిప్పరొస్తోంది, చూడు. భయపడవా?"

"ఈ బండి నీళ్ళల్లో నానిందిరా."

ఏసుకుమార్ బండి నడుపుతూనే ఉన్నాడు. నీకేం తెలుసమ్మా, మళ్ళీ మొదలెట్టావా, అంటాడని ఆవిడ ఎదురుచూసింది. అనాలని కోరుకుంది. అంటే తనది ఎప్పటి పిచ్చి భయమే అయిపోయేది.

వాడు అనలేదు. టిప్పరు దాటిపోయింది. కొంగలు లేచి అవతలి గట్టు మీద వాలాయి.

"ఎన్ని రోజులుంది?" అంది.

"నాలుగు."

"ఎక్కడ?"

"బెజవాడ ముంపులో. అపార్టుమెంటు సెల్లారులో."

"మావయ్య నీకు చెప్పాడా?"

"చెప్పాడమ్మా. ఏమీ దాచలేదు. ఇన్సూరెన్సు వేలం కాగితాలు కూడా చూపించాడు. అందుకే ఆ ధర. లేకపోతే ఇరవైకి తక్కువ ఎక్కడొస్తుంది ఈ బండి?"

"ఎప్పుడు చెప్పాడు?"

"ప్రార్థనకి ముందు. నువ్వూ నాన్నా లోపల కాఫీ తాగుతున్నారు." ఏసుకుమార్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నాన్నకి తెలియకుండా బండి అమ్మనురా అన్నాడు. నేనే చెబుతాను మావయ్యా అన్నాను. చెబుతానని నమ్మించి, చెప్పలేదు. ప్రార్థనలో ఆగాడు చూశావా, కనబడనివీ నీకు తెలుసు అని? అప్పుడు కళ్ళు తెరిచి నావంకే చూశాడు. ఇప్పటికైనా చెబుతానేమో అని. ఈలోగా నాన్న ఆమేన్ అనేశారు."

దానమ్మ కళ్ళు మూసుకుంది. తమ్ముడి గొంతు పూడుకుపోయిందనుకుంది ఆవేళ. పక్కన నిలబడి కన్నీళ్ళు కూడా తుడుచుకుంది. ఆ తరువాత ఇరవై రెండు రోజులూ, భర్త 'మీ మావయ్య' అన్నప్పుడల్లా, ఆ తమ్ముణ్ణే లోలోపల శపించుకుంటూ వచ్చింది.

"చెబితే ఏమయ్యేదిరా?"

"కొననిచ్చేవారు కాదు. అంతే. ఇంకో పదేళ్ళు పక్కోడి బండికి తలుపులు తీసేవాణ్ణి."

"రేపు ఆపెయ్."

"ఆపితే ఇంకెవరు పిలుస్తారమ్మా? డిసెంబరు దాకా అయిదు పెళ్ళిళ్ళు మాట్లాడాను. ఒక్కొక్కటీ అవుతుంటే ఒక్కొక్కటీ బాగు చేయించుకుంటూ..."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే తోసుకుంటాం."

"ఇక్కడా?"

ఆవిడ చెయ్యి చూపించింది. తారు రోడ్డు అంచు అయిన చోట చెరువు మొదలు. అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే. మధ్యలో ఎదురుబొదురు బళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే దారి. ఏసుకుమార్ చూడకుండా యాక్సిలేటరు నొక్కాడు.

టింగుమంది ఏదో. ఎదురుగా అద్దాల పలకలో ఎర్ర దీపం వెలిగింది. దాని పక్కన ఇంకోటి. ఇంజను చప్పుడు ఒక్కసారిగా పోయింది.

ఆ నిశ్శబ్దంలో టైర్ల కింద కంకర నలగడం వినబడింది. ఏసుకుమార్ స్టీరింగు తిప్పబోయాడు. అది రాయిలా బిగుసుకుపోయింది. బ్రేకు మీద నిలబడినట్టు కాలు తొక్కిపెట్టాడు. కారు రోడ్డు దిగి, గట్టు మీద గడ్డిలోకి పోయి, ముందు చక్రం అంచుకి జానెడు దూరంలో ఆగింది.

దానమ్మ అరవలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏమీ జరగనప్పుడు అరిచిన మనిషికి, జరిగినప్పుడు గొంతు లేవలేదు.

చెరువులో చేపలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.  ఏసుకుమార్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, తల్లికి కనబడకుండా.

పావుగంట తరువాత మీట నొక్కితే బండి మళ్ళీ స్టార్టయింది, ఏమీ ఎరగనట్టు.

ఇరవై దాటకుండా నడుపుకుంటూ వెనక్కి వచ్చారు. ఊరు దగ్గర పడుతుండగా వాడు నోరు విప్పాడు.

"నాన్నకి చెప్పకమ్మా. ఆయన పాతికేళ్ళ డబ్బు."

దానమ్మ గోటి కింది పొడిని చూసుకుంటోంది.

"రాత్రికి సాయన్న మళ్ళీ చూస్తాడు. రేపు మెల్లిగా పోతాను. అమ్మా, నిన్నే." ఏసుకుమార్ గొంతు పెరిగింది. "చెప్పుకో పోనీ. చెప్పినా ఎవరు నమ్ముతారు? రోజూ చెప్పేదే కదా, అంటారు."

అనేసి నాలిక కరుచుకున్నాడు. దానమ్మ కిటికీవైపు తిరిగింది. వాడన్నదాంట్లో అబద్ధం ఏముందని.

*

ఇంటి ముందు సుందరమ్మ నిలబడి ఉంది, చేతిలో తెల్ల రిబ్బన్ల సంచీతో. పెళ్ళికూతురు హెప్సిబా తల్లి. ఇద్దరూ ఒకే బడిలో పదకొండేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతున్నారు. ఒకళ్ళు గంటె తిప్పితే ఇంకొకళ్ళు ఉప్పు వేస్తారు. ఇద్దరి పుట్టిళ్ళూ కొల్లేటి లంకలే.

"వచ్చారా. రిబ్బన్లు ఎంత పొడుగు కావాలో కొలుచుకుందామని వచ్చాను వదినా. అబ్బో, నల్లగా ఏం మెరిసిపోతోంది. మా పిల్ల నిన్నటినించీ ఒకటే గొడవ, ఆ కారు ముందు ఫోటో, ఈ పక్క ఫోటో అని."

"ట్రయలు ఎలా ఉందిరా?" అన్నాడు దేవసహాయం, అరుగు మీంచి లేస్తూ.

"బాగుంది నాన్నా" అన్నాడు ఏసుకుమార్. వాడు తండ్రివంక చూడలేదు. గడ్డి అంటిన టైరుకి అడ్డంగా నిలబడ్డాడు.

దేవసహాయం భార్యవైపు తిరిగాడు. ఆవిడ ఇప్పుడు మొదలెడుతుంది, లారీలూ గోతులూ ఏకరువు పెడుతుంది అని సిద్ధమైనట్టు నిలబడ్డాడు. దానమ్మ కారు దిగి కొంగు సర్దుకుంది. ఏమీ అనలేదు.

"చూశావా సుందరమ్మా" అన్నాడాయన, నవ్వేశాడు. మూడు రోజుల తరువాత ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు. "మా ఆవిడే నోరు మెదపలేదంటే బండికి ఇంక ఢోకా లేదన్నమాట. ఏ సర్వీసు సెంటరువాడూ ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్టివ్వలేడు."

"అదేనండి అన్నయ్యగారూ" అంది సుందరమ్మ కూడా నవ్వుతూ. "వదినే భయపడలేదు. ఇంక నాకేం భయం?"



చెబితే ఎవరూ నమ్మరని వాడన్నాడు. చెప్పకపోతే నమ్ముతున్నారు. తను నోరు మూసుకున్నందుకు రేపు పొద్దున్న ఒక పిల్ల తెల్లచీర కట్టుకుని, తలమీద ముసుగేసుకుని, ఆ చెరువుల మధ్యకి పోతుంది.

ఆవిడ భర్త నవ్వు మొహం చూసింది. కొడుకు చేతులు చూసింది. అవి ఇంకా జేబుల్లోంచి బయటికి రాలేదు.

"వదినా" అంది దానమ్మ, ముందు తలుపు తీసి పట్టుకుని. "రేపు నువ్వు కూర్చునే చోటు ఇదే కదా. ఒకసారి కూర్చుని చూడు."

"ఇప్పుడా? కాళ్ళకి మట్టి, వదినా."

"మట్టి సంగతి దానికి తెలుసులే. కూర్చో."

సుందరమ్మ చెప్పులు కింద వదిలి, పెళ్ళివారింటి పీట మీద కూర్చున్నంత పొందిగ్గా సీట్లో సర్దుకుంది. లోపలి మల్లెపువ్వు వాసన పీల్చి బాగుందన్నట్టు తలూపింది. తరువాత ఇంకోసారి పీల్చి, ముక్కు కొద్దిగా ఎగబీల్చి ఆగింది.

"బెల్టు పెట్టుకో" అంది దానమ్మ.

"అమ్మా" అన్నాడు ఏసుకుమార్. చాలా చిన్నగా అన్నాడు.

"ఇలాగా?" సుందరమ్మ బెల్టు అందుకుని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇంకా లాగు వదినా. ఆఖరిదాకా లాగు. లోపల ఎలా ఉందో చూసుకోవాలి."

దేవసహాయం నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఇదిగో, మొదలెట్టింది" అన్నాడు.

సుందరమ్మ రెండు చేతులతో పట్టుకుని లాగసాగింది. బెల్టు చిన్నగా చప్పుడు చేసుకుంటూ, నల్లగా, నున్నగా, బయటికి వస్తోంది. చివరి మూర ఇంకా లోపలే ఉంది.